కనకబాయికి టానిక్ సీసా

"అదంతా శుద్ధ పుక్కిటి కథండీ," అన్నాడు గంగాధరరావు, బస్సు కిటికీలోంచి కొడుతున్న జల్లుకు పక్కకు జరుగుతూ.

జరిగింది సత్యవేణి వైపు. జల్లు ఒక సాకు. ఇద్దరూ ఉప్పల్లో ఒకే ఆఫీసు. అతను కాకినాడ నుంచి వచ్చి ఏడాది కాని సైంటిస్టు, ఆమె నాచారంలో పుట్టి పెరిగిన టైపిస్టు.

"మీకెట్ల దెలుసు?" అంది సత్యవేణి.

"నవాబుల కాలంలో ఎవడో బంగారం దాచి, గుర్తుకు పాట కట్టాడట. 'కనకబాయి కడుపుల సల్లని సొమ్ము, నిలవడ్డోనికి దొరకదు, వంగినోనికే.' దాచినవాడు ఊరంతా పాడుకోనిస్తాడా?"

"అర్థం దెల్వనోళ్లు పాడుకుంటే ఏమైతది? సొమ్ము నిజమే."

"బెట్. అబద్ధమని ప్రూవ్ చేస్తాను."

సత్యవేణి నవ్వింది. ఆదివారం ఇంటికి వచ్చి నాన్నతో పెళ్లి మాట ఎత్తుతానని అతను అప్పటికే చెప్పి ఉన్నాడు. అందుకే ఆ నవ్వు అంత ధారాళంగా వచ్చింది.

శుక్రవారం సాయంత్రం పక్కింటి సుశీలమ్మ గోడ మీంచి తల పెట్టింది.

"మీ ఆఫీసు సారు కనకబాయి ఏడుందని ఊరంత అడుగుతుండు. మీ నాయినదే అని చెప్పిన. మస్తు ఖుషైండు."

సత్యవేణి చేతిలో చాట కింద పెట్టేసింది. కనకబాయి వాళ్ల పెరట్లో సీతాఫలం చెట్ల వెనకే ఉంది. ఎండిపోయిన పాత బావి. పోయినేడు పెళ్లిచూపులకు వచ్చిన ఘట్‌కేసర్ పెళ్లికొడుకు ఆమె ముఖం ఒక్కసారి చూసి, ఆ బావిలోకి మాత్రం తనివితీరా తొంగిచూశాడు. ఆ అవమానం ఇంకా మానలేదు.

మర్నాడు బస్సులో ఆమె వేరే సీటులో కూర్చుంది.

"ఏమైందండీ?"

"నోటితోని అబద్ధమంటరు, సాటుంగ ఎతుకుతరు. ఏంది సంగతి?"

"ప్రూవ్ చెయ్యాలిగా మరి."

"మాదే అని తెలిసినంక ఖుషైన్రంట."

"అవనా? మీ ఇంట్లోనే ఉందని తెలిస్తే నాకు సంతోషం కాదూ?"

ఎంత ధైర్యం! సత్యవేణికి కోపంతో పాటు ఏడుపూ వచ్చింది.

"రేపు రండి. మా నాయిన ముంగట్నే తేలుస్త."

ఆదివారం ముసురు. గంగాధరరావు ఒక చేత గొడుగు, ఒక చేత పొట్లంతో వచ్చాడు. సత్యవేణి తండ్రి, రైల్వేలో ఫిట్టర్‌గా పనిచేసే భూషణం అరుగు మీద కుర్చీ వేశాడు.

"కూసోండ్రి సారు."

"ముందు కనకబాయి గారిని చూడొచ్చా అండీ?"

తలుపు వెనక సత్యవేణి మనసు విరిగిపోయింది. ఇతనూ అంతే.

భూషణం ముఖం గంటు పెట్టుకున్నాడు. "ఎందుకు?"

"బాగా ఎండిపోయారని ఊళ్లో చెప్పారు. ఒకప్పుడు ఊరందరి దాహం తీర్చారట, ఇప్పుడు అటు తొంగిచూసే దిక్కే లేదట. మీ ఇంటి పెద్దావిడ కదా, వట్టి చేతులతో ఎలా వస్తాం?" పొట్లం విప్పాడు. బలానికి తాగే టానిక్ సీసా. "భోజనం తర్వాత రెండు చెంచాలు."

భూషణం కాసేపు సీసాను చూశాడు, కాసేపు మనిషిని చూశాడు. తర్వాత చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్లాడు.

"గిదే కనకబాయి."

గంగాధరరావు వంగి లోపలికి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"మీరు బావిని బాయి అంటారా?"

"మరేమంటరు?"

"మరి సొమ్ము కోసం కాదా ఎతికింది?" సత్యవేణి ముందుకొచ్చి అడిగేసింది.

"ఏ సొమ్మండీ? ఆవిడ బతికే ఉందంటే పాట నవాబుల నాటిది కాదు, బెట్ గెలిచినట్టే అనుకున్నాను."

సత్యవేణి కొంగు నోట్లో కుక్కుకుంది. అయినా నవ్వు ఆగలేదు, కళ్లలో నీళ్లూ ఆగలేదు. అనుమానించినందుకు సిగ్గేసింది.

"బెట్ నేనే గెలిచిన," అంది. "సల్లని సొమ్మంటే నీళ్లు. వంగితేనే గదా తోడుకునేది."

భూషణం కూతురి వైపు తిరిగాడు.

"పోయినేడు వచ్చినోడు మనిషిని ఇడిసిపెట్టి బాయిని జూసిండు. గీయన బాయిని గూడ మనిషే అనుకున్నడు. ఇగ నాకు ఫికర్ లేదు బిడ్డా."

సత్యవేణి సీసా అందుకుంది.

"రెండు చెంచాలా?"

"భోజనం తర్వాత," అన్నాడు గంగాధరరావు, తల ఎత్తకుండా.

"అయితే తిని పోండ్రి."