వీడ్కోలు చెప్పని ఇనుము

మా ఆయన పోయాక వర్క్‌షాపు రెండేళ్ళు ఖాళీగానే ఉంది. కమతా పేటలో మా వీధి నిండా అలాంటివే. ముందు రేకు షట్టరు, లోపల ఒకటో రెండో మిషన్లు, పైన కాపురం. ఆయన లేతు మిషను మీద కుట్టు మిషన్లకు చిన్న చిన్న భాగాలు తీసేవారు. ఆ చప్పుడు ఆగిపోయాక ఇల్లు మరీ పెద్దదైపోయినట్టు అనిపించేది. అలాంటప్పుడు సినిమా వాళ్ళు వచ్చి అద్దెకు అడిగారు. సరే అన్నాను.

వాళ్ళంటే ఇద్దరే. డైరెక్టరు మినెగిషి. కెమెరా, లైట్లు కూడా అతనే. వేషం కట్టేది నోబుమిచి. తెల్లవారుజామున చేపల మార్కెట్లో పెట్టెలు మోసి, స్నానం చేసి, పది గంటలకు మా ఇంటికి వచ్చేవాడు. కథ కూడా చిన్నదే. రైల్వే స్టేషన్లో టిక్కెట్లు కత్తిరించే గుమాస్తా ఒళ్ళంతా మెల్లమెల్లగా యంత్రం అయిపోతాడు. మధ్యాహ్నం అన్నం ముద్దలు, మిసో చారు చేసి పెట్టడానికని కిందికి దిగేదాన్ని. చేతులు నిదానమని చెప్పి నోబు ఒంటికి యంత్రం ముక్కలు అంటించే పని కూడా నాకే ఇచ్చారు. మాట్లాడక్కర్లేని పని. నాకు నచ్చింది.

మొదటి సినిమాకి అసలు ఇనుము లేనే లేదు. రంగేసిన అట్టముక్కలు, పాత టీవీ తీగలు, వంటింటి వెండి కాగితం. అది నాకానో పేటలో ఒక చిన్న సినిమా హాల్లో ఆడింది. ఎవరో విదేశాలకు తీసుకెళితే బహుమతి వచ్చింది. దాంతో రెండోది మొదలైంది.

"రెండోది మొదటిదానికన్నా బరువుగా ఉండాలి పిన్నిగారూ. ఈసారి నిజం ఇనుమే," అన్నాడు మినెగిషి.

"మోసేది నేను, పేరు ఆయనకి," అన్నాడు నోబు నాతో. "పిన్నీ, వచ్చే ఆదివారం చిజురు వాళ్ళ నాన్నని చూడ్డానికి వెళ్ళాలి. పిల్లనివ్వమని అడగాలి. అప్పటికి నన్ను మనిషిని చేసి పంపండి."

చిజురు స్టేషను దగ్గర మిఠాయి కొట్టు అమ్మాయి. రెండు మూడుసార్లు తీపి బన్నులు తెచ్చి ఇచ్చింది. నా అంత సిగ్గరి. గుమ్మంలోనే ఇచ్చేసి వెళ్ళిపోయేది.

"మనిషిని చెయ్యడం నావల్ల కాదు గానీ, కడిగి పంపిస్తాలే," అన్నాను.

మినెగిషి నదికి అవతల ఉన్న పాత ఇనుము కొట్టుకి వెళ్ళి రెండు పెట్టెలు తెచ్చాడు. పళ్ళ చక్రాలు, స్ప్రింగులు, బోల్టులు. నేను ఒక్కొక్కటీ కిరసనాయిలు గుడ్డతో తుడుస్తున్నాను. ఒక చక్రం అంచున మూడు చుక్కలు కనిపించాయి. ఉలితో కొట్టిన చుక్కలు. ఇంకో దాని మీద కూడా మూడు. మా ఆయన తన మిషనులో విడదీయగల ప్రతి భాగానికీ అలా గుర్తు కొట్టుకునేవారు.

మా వీధిలో మిషను పని మానుకున్నప్పుడు ఊరికే అమ్మెయ్యరు. శుభ్రంగా తుడిచి, నాలుగు మూలలా ఉప్పు పెట్టి, పైన కాస్త సాకే, అదే బియ్యపు సారా, పోస్తారు. ఇంటిల్లిపాదీ దాని ముందు వంగి, "ఇన్నాళ్ళూ చాలా కష్టపడ్డారు, ఇక విశ్రాంతి తీసుకోండి" అని చెబుతారు. అప్పుడే అది ఉత్త ఇనుము అవుతుంది. చెప్పకపోతే దానికింకా పని ఉన్నట్టే.

మా లేతును అమ్మేసిన రోజు నేను ఆ మాట చెప్పలేదు. పాత ఇనుము వాళ్ళు నలుగురు లారీతో వచ్చారు. ఇంజను కూడా ఆపలేదు. సాకే సీసా పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. ఒక్క నిమిషం ఆగండి అనాలి. పరాయి మగవాళ్ళు, తొందరలో ఉన్నారు. నోరు పెగల్లేదు.

ఈ పెట్టెలు వచ్చిన రోజూ పెగల్లేదు. మినెగిషి ఆ పెట్టెల్ని చూసి పొంగిపోతున్నాడు. ఈ ముక్కలు వద్దు బాబూ అని ఎలా చెప్పను... తుడిచి పక్కన పెట్టాను.

పని ఎలా జరుగుతుందంటే, షట్టరు దించి సందుల్లో నల్లగుడ్డ కుక్కుతారు. మిట్టమధ్యాహ్నం కూడా మాకు చీకటే. ఒకే ఒక్క లైటు. నోబు నేల మీద సుద్దతో గీసిన పాదాల గుర్తుల్లో కదలకుండా నిలబడాలి. డైరెక్టరు ఒక్క బొమ్మ తీస్తాడు. నేను వెళ్ళి రెండు వైపులా అంటుకునే టేపుతో ఒక్క ముక్క అంటించి పక్కకు తప్పుకుంటాను. ఇంకో బొమ్మ. తెర మీద చూస్తే ఇనుము దానంతటదే పాకుతున్నట్టు ఉంటుంది. లైటుకి వేడెక్కిన ఇనుము వాసన, కిరసనాయిలు స్టవ్వు వాసన, నోబు చెమట. టక్. టక్. గంటల తరబడి అదొక్కటే చప్పుడు.

గురువారం నాడు నలభై ఒక్క ముక్కలు అంటించాను. ఎక్కడెక్కడ ఉన్నాయో కాగితం మీద గీసుకుని, చారు వేడి చెయ్యడానికి పైకి వెళ్ళాను. కిందికి వచ్చేసరికి వాళ్ళు ఇంకా బొమ్మలు తీస్తూనే ఉన్నారు.

నోబు ఎడమ డొక్క మీద వరసగా ఆరు పళ్ళ చక్రాలు ఉన్నాయి. నా కాగితంలో అవి లేవు.

"ఇవి ఎవరు అంటించారు?" అన్నాను.

"మీరే కదా. మీ చెయ్యి పడకుండా అంత పొందిగ్గా ఎవరికొస్తుంది?" మినెగిషి కెమెరాలోంచి కన్ను తియ్యలేదు. "పిన్నిగారూ, ఇవాళ ఇవి ఊడదీయకండి. రేపు అదే చోట అంటించడం కుదరదు. ఫిల్ము అయిపోయింది, తెస్తాను. గంటలో వస్తా."

సైకిలు తీసుకుని వెళ్ళిపోయాడు. షట్టరు మళ్ళీ కిందికి దిగింది.

"పిన్నీ," అన్నాడు నోబు మెల్లగా స్టూలు మీద కూర్చుంటూ. "ఆయన మాట వినకండి. తీసెయ్యండి. డొక్క పక్కన లాగుతోంది."

చేతుల మీదవి, మెడ మీదవి ఎప్పట్లాగే వచ్చాయి. వేడినీళ్ళ గుడ్డ వేసి, నువ్వుల నూనె రాసి, అంచు పట్టుకుని లాగితే చాలు. డొక్క మీదవి రాలేదు. గోరు దూర్చి చూశాను. టేపు లేదు. కింద... చర్మం అంచు కూడా దొరకలేదు. ఎక్కడ చర్మం అయిపోయి ఎక్కడ ఇనుము మొదలైందో వేలికి తెలియలేదు.

ప్రతి చక్రం మీదా మూడు చుక్కలు ఉన్నాయి.

"ఏమైంది?"

"ఏం లేదు. నూనె సరిపోలేదు."

"అబద్ధాలు మీకు రావు పిన్నీ. చెవులు ఎర్రబడతాయి." నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. "లోపల... ఏదో తిరుగుతోంది. వినండి."

చెవి ఆనించాను. చాలా దూరంగా సన్నని గురగుర. పొద్దున ఏడింటికి మా లేతు మొదలయ్యేటప్పటి చప్పుడు. ఇరవై ఆరేళ్ళు విన్నాను. పొరపాటు పడను.

పైకి వెళ్ళి టెలిఫోను తీసి అంబులెన్సుకు చేశాను. ఒక మగ గొంతు ఏం జరిగిందని అడిగింది.

"ఒకతనికి... ఇనుము..."

"గుచ్చుకుందా? ఎంత లోతు?"

"గుచ్చుకోలేదు..."

"మరి?"

మొలిచింది అనాలి. ఆరో తరగతితో బడి మానేసిన ముసలావిడ ఇనుము మొలిచిందని చెబితే ఆయన ఏమనుకుంటాడు... "అమ్మా, వింటున్నారా? అడ్రసు చెప్పండి" అంటున్నాడు. క్షమించండి అని పెట్టేశాను. ఎందుకు పెట్టేశానో ఇప్పటికీ నాకు తెలియదు.

తిరిగి వచ్చేసరికి చక్రాలు తొమ్మిది అయ్యాయి.

"డైరెక్టరుకి చెప్పకండి," అన్నాడు నోబు గుసగుసగా. "ఆయన దీన్ని కూడా తీస్తాడు."

స్టవ్వులో కిరసనాయిలు అయిపోయింది. చలి నేలలోంచి పైకి వస్తోంది. అప్పుడు నాకు తోచింది ఒక్కటే. పైకి పరిగెత్తి ఉప్పు, సాకే తెచ్చాను. నోబు పాదాల చుట్టూ నాలుగు మూలలా ఉప్పు పెట్టాను. తొమ్మిది చక్రాల మీదా సాకే తడి చేశాను. వంగి, ఆ ఇనుము మీద అరచెయ్యి పెట్టి, ఆ లారీ వచ్చిన రోజు అనాల్సిన మాట అన్నాను.

"ఇన్నాళ్ళూ చాలా కష్టపడ్డారు. ఇక విశ్రాంతి తీసుకోండి."

నోబు పెద్దగా ఊపిరి విడిచాడు. భుజాలు దిగాయి. ముఖంలో నొప్పి పోయింది. అమ్మయ్య అనుకున్నాను.

మళ్ళీ ఊపిరి తీసుకోలేదు.

"నోబూ..."

కళ్ళు తెరిచే ఉన్నాయి. గుండె మీద చెయ్యి పెట్టాను. ఏమీ లేదు. ఇంకొంచెం కిందికి జరిపాను. అక్కడ తిరుగుతోంది. ఆగలేదు. నా మాట విన్నది అది కాదు... నోబు విన్నాడు.

ఎంతసేపు అక్కడే కూర్చున్నానో. షట్టరు చప్పుడైంది. మినెగిషి చేతులు రుద్దుకుంటూ లోపలికి వచ్చాడు. నోటెంట పొగలు వస్తున్నాయి.

"ఏంటి, ఇద్దరూ చీకట్లో మాటల్లేకుండా? ఒరేయ్ నోబూ, చోటులోకి రా."

నోబు లేచాడు. సుద్ద గుర్తుల్లోకి వెళ్ళి నిలబడ్డాడు. రెండు పాదాలూ గీత దాటకుండా, సరిగ్గా. మినెగిషి బొమ్మ తీశాడు. నోబు బొటనవేలంత కదిలాడు. ఇంకో బొమ్మ. మినెగిషి నోటెంట పొగ. నా నోటెంట పొగ. నోబు ముందు గాలి తేటగా ఉంది.

"చూడండి పిన్నిగారూ, ఇవాళ రెప్ప కూడా వెయ్యడం లేదు. ఇదీ నటన అంటే." అతను చాలా సంతోషంగా ఉన్నాడు.

చెప్పాలి. నోరు తెరిచాను కూడా. "చారు చల్లారిపోతుంది," అన్నాను.

శనివారానికి ఆ ముక్కలన్నీ వాటంతటవే లోపలికి వెళ్ళిపోయాయి. చర్మం నున్నగా, మచ్చ కూడా లేకుండా ఉంది. ఆదివారం నోబు కోటు వేసుకుని చిజురు వాళ్ళ ఇంటికి వెళ్ళాడు. వాళ్ళ నాన్నకు బాగా నచ్చాడట. నెమ్మదస్థుడు, అనవసరంగా ఒక్క మాట మాట్లాడడు అన్నారట. వసంతంలో పెళ్ళయింది.

రెండో సినిమా డిసెంబరులో విడుదలైంది. హాల్లో చిజురు వచ్చి నా పక్కన కూర్చుంది. ఏడో నెల. అవతలి కుర్చీలో నోబు నిటారుగా కూర్చుని తెర వైపే చూస్తున్నాడు. డొక్క దృశ్యం వచ్చినప్పుడు జనం కేకలు పెట్టారు, కొందరు చప్పట్లు కొట్టారు. మినెగిషి వెనక వరుసలోంచి వంగి, మూడో దానికి నోబు అప్పుడే ఒప్పుకున్నాడు పిన్నిగారూ, మీరూ రావాలి అన్నాడు.

చిజురు ఎప్పుడూ ఎవరినీ తాకే పిల్ల కాదు. ఆ చీకట్లో నా చెయ్యి పట్టుకుని మెల్లగా తన కడుపు మీద పెట్టుకుంది.

"పిన్నీ, మీరు పెద్దవారు కదా అని అడుగుతున్నాను... మొదటి బిడ్డ అందరికీ ఇలాగే ఉంటుందా?"

బిడ్డ తన్నడం లేదు. నా అరచేతి కింద ఒకే వేగంతో, ఒకే వైపుకి తిరుగుతోంది.

ఆ పిల్ల నా ముఖంలోకే చూస్తోంది. నేను తల ఊపి, "అందరికీ ఇలాగే ఉంటుందమ్మా," అన్నాను.