వకుళ చేయి

మూడో ఉతుకు నీళ్ళను మంజీర వెంటనే పారబోయలేదు. బకెట్టును ఎండ పడేచోటికి జరిపి, అడుగుకు ఏమైనా దిగిందేమోనని వంగి చూసింది. దిగింది. గోటితో తీసి వేళ్ళ మధ్య రుద్దితే గరుకుగా తగిలింది. చేతిలో ఉన్న గుడ్డ తొట్లలో పెరిగిన నాచునూలుది. కొత్తలో వెన్నలా ఉంటుందని దుకూలం సంస్థవారు దానికి నవనీతం అని పేరు పెట్టారు. మొదటి ఉతుక్కి వెన్నే. రెండో ఉతుక్కి మజ్జిగ. మూడో ఉతుక్కి ఏమనాలో ఆమెకు తోచలేదు. పిండి, దులిపి, మేడ మీది దండేనికి ఆరేసింది. సముద్రం ఊళ్ళోకి వచ్చి కూర్చున్న దగ్గర్నుంచి చీరాలలో గాలికి కూడా ఉప్పు పట్టింది. బట్టకు ఆ గాలి ఒక పూట తగిలితే గానీ దాని గుణం బయటపడదు.

మూడు ఉతుకులు, నడుమ ఒక రోజంతా ఒంటిమీద. అప్పటిదాకా ఉత్తరంలో ఆ బట్ట గురించి ఒక్క మాట రాయకూడదు. ఈ నియమం పెట్టింది మంజీర అక్క వకుళ. ‘అంచు’ అనే స్పర్శలేఖను మొదలుపెట్టింది కూడా ఆవిడే. శుక్రవారం శుక్రవారం సాయంత్రం పాఠకుల దగ్గరకు వెళ్ళే ఉత్తరం అది. ఏది కొనాలి, ఏది కొనకూడదు, ఏ కట్టు ఎవరికి నప్పుతుంది, బీరువాలో పడివున్న దాన్ని ఎలా మార్చి కట్టుకోవాలి, అన్నీ అందులో ఉంటాయి. చదివేవాళ్ళు చేతొడుగు వేసుకుని చదువుతారు. బట్ట ప్రస్తావన రాగానే వకుళ వేళ్ళు వాళ్ళ వేళ్ళను పట్టుకుంటాయి. పిల్లలచేత అక్షరాలు దిద్దించినట్టు, ఇదిగో ఇక్కడ నేత పలచబడింది, ఇదిగో ఇక్కడ అంచు గట్టిగా ఉంది అని తిప్పి తిప్పి చూపిస్తాయి. చివర్లో, బట్ట మంచిదైతే, బొటనవేలి మీద మెత్తగా ఒక నొక్కు నొక్కుతాయి. ఆ నొక్కు కోసమే చందా కట్టేవాళ్ళు ఉన్నారు. స్పర్శలేఖలు ఊరికి పది ఉన్నాయి గానీ వాటిల్లో బట్ట మాత్రమే తగులుతుంది. ‘అంచు’లో మనిషి తగులుతుంది.

ఆ మనిషి పోయి ఏళ్ళయింది. తేమజ్వరాలు వచ్చిన వానాకాలంలో వకుళ వెళ్ళిపోయింది. ఆ సంగతి పాఠకులందరికీ తెలుసు. ఆవిడ చేతి స్పర్శను అచ్చుగా పట్టిన కరముద్ర మాత్రం దుకూలం వారి భాండారంలో ఉంది. మంజీర ఉతికి, కట్టి, తడిమిన బట్టను భాండారం వకుళ వేళ్ళలోకి మార్చి పంపిస్తుంది. చెప్పేది చెల్లెలు, చేయి పట్టుకునేది అక్క. ఒప్పందం రాసుకున్నప్పుడు వకుళ పట్టుబట్టి ఒక షరతు పెట్టించింది. లేఖ నడిచినంత కాలం కరముద్రను నిమజ్జనం చేసే, అంటే పూర్తిగా చెరిపేసే, హక్కు ఇంటివాళ్ళదే. లేఖ ఆగిపోతే మాత్రం ముద్ర సంస్థకే చెందుతుంది. రెండో భాగం సంస్థవాళ్ళు పట్టుబట్టి పెట్టించినది.

ఇక బతుకుతెరువు మాట. ఎవరైనా ఊరికే పంపిన బట్టను మంజీర ముట్టుకోదు. కొంటుంది, రాస్తుంది, రాశాక ఎవరికో ఇచ్చేస్తుంది. చందాలు తప్ప వేరే రాబడి లేదు, ఆ చందాలు కూడా సన్నగిల్లుతున్నాయి. మిగతా లేఖలు బట్ట తొట్టి దిగకముందే ఆహా ఓహో అంటుంటే, మూడు ఉతుకులయ్యేదాకా ఆగే ఓపిక ఎవరికుంది? అందుకని మధ్యాహ్నాలు రఫ్ఫు పని చేస్తుంది. చిరిగిన చోట పోగు పోగు కలిపి అల్లడం. ఇల్లు గడుస్తోంది అనడానికి లేదు, ఈడ్చుకొస్తోంది.

అయినా రోజూ పొద్దున్నే పని మొదలుపెట్టే ముందు ఆమె చేతొడుగు వేసుకుంటుంది. ముద్ర సరిగ్గా పలుకుతోందో లేదో చూసుకోవడానికని పైకి కారణం. అసలు కారణం అది కాదు. అక్క చేయి పట్టుకోవడం కోసం. ఏదో ఒక పాత గుడ్డ ముందు పెట్టుకుంటే చాలు, వకుళ వేళ్ళు వచ్చి ఆమె వేళ్ళను అందుకుంటాయి. వకుళ చూపుడువేలి కొసన సూది గుచ్చుకుని గట్టిపడ్డ చోటు ఉండేది. అది కూడా తగులుతుంది. అక్క పోయినప్పుడు మంజీర ఏడవలేదని బంధువులు చెవులు కొరుక్కున్నారు. రోజూ చేయి పట్టుకుంటున్న మనిషి కోసం ఎలా ఏడుస్తారు?

ఆ శుక్రవారం మధ్యాహ్నం, రఫ్ఫు పని ముందేసుకుని కూర్చోగానే, గోడమీద తెర వెలిగింది. దుకూలం నుంచి కౌస్తుభ్. లేఖల వ్యవహారాలన్నీ అతనివే. మర్యాదస్తుడు. ఇంతవరకూ ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు, అదే అతనితో వచ్చిన చిక్కు.

“నమస్తే మేడమ్. నవనీతం ఈ సాయంత్రం దేశమంతా విడుదల. మీ నిర్ణయం కోసమే చూస్తున్నాం.”

“నిన్నంతా కట్టుకుని చూశాను, మూడో ఉతుకు ఇప్పుడే ఆరేశానండీ. బట్ట బాగోలేదు. అడుగుకు పొడి దిగుతోంది.”

“అలాగే రాయండి మేడమ్. మీ ఉత్తరంలో మేం అక్షరం ముట్టుకోం. మీ విలువలంటే మాకు గౌరవం. మాకు కావలసింది వకుళగారి చేయి మాత్రమే.”

“నేను బాగోలేదని రాస్తుంటే, మా అక్క చేయి బాగుందని చెబుతుందా?”

కౌస్తుభ్ నవ్వలేదు. “చదివేవాళ్ళు వేరు, తొడుక్కునేవాళ్ళు వేరు మేడమ్. కొన్ని దుకాణాల్లో నమూనాగా పెట్టి చూశాం. స్పందన చాలా బాగుంది. ముద్ర ఇప్పుడు స్వయంగా చెప్పగలదు, మీ ఉతుకులతో పనిలేదు. సంతకం పెడితే ‘అంచు’ ఎప్పటికీ నడుస్తుంది. మీరు ఈ రఫ్ఫులూ అవీ చేసుకోనక్కర్లేదు.”

“పెట్టకపోతే?”

“మేం దారి మూసెయ్యం మేడమ్. లేఖల రవాణా భారం ఇకమీదట మీరే మోయాలి, అంతే. మోయలేకపోతే లేఖ ఆగుతుంది. ఆగితే… మీకు తెలుసుగా.”

తెలుసు. సంతకం పెడితే అక్క చేయి ఉంటుంది, రోజూ పొద్దున్నే ఉంటుంది. పెట్టకపోతే ఎటూ వాళ్ళదే, తనకు మాత్రం దక్కదు. నమూనాగా పెట్టి చూశాం అన్న మాట మంజీర చెవిన పడింది గానీ మనసున పడలేదు. ఎలాగైనా ఆ చేయి పోకుండా ఉంటే చాలనిపించింది. నా ఉత్తరంలో నేను నిజమే రాస్తాగా, అని తనకు తాను నచ్చజెప్పుకుంది. సాయంత్రం లేఖతో పాటు సంతకం పంపిస్తానని చెప్పేసింది.

తెర ఆరిపోయింది. మళ్ళీ సూది అందుకుంది గానీ పోగు కలవలేదు.

ఇంతలో కింద వాటాలో కుట్టుమిషను ఆగి, మెట్లమీద అడుగులు వినిపించాయి. ఖాసింబీ వచ్చింది. వీధి మొత్తం ఆవిడను బూబమ్మ అంటుంది. ‘అంచు’ పుట్టిననాటి చందాదారు. వకుళతో పోట్లాడి మరీ జాకెట్టు కుట్టడం నేర్పిన మనిషి.

“ఏందమ్మాయ్, తిన్నావా? మొహమట్టా పీక్కుపోయిందేంది?”

“తిన్నా బూబమ్మా. పాప ఎట్టా ఉంది?”

నెల కిందట ఆవిడ మనవరాలికి ఆడపిల్ల పుట్టింది. బూబమ్మ జవాబు చెప్పకుండా, కొంగు చాటునుంచి చిన్న జుబ్బా ఒకటి తీసి మంజీర ఒళ్ళో పెట్టింది. అరచేతిలో పట్టేంత జుబ్బా. మెడ దగ్గర, చంకల దగ్గర పోగులు లేచి ముళ్ళలా నిలబడి ఉన్నాయి.

“పసిదాని ఒళ్ళంతా దద్దుర్లమ్మా. రెండు రోజుల్నుంచి ఏడుపు ఆపటంలా. డాక్టరు దగ్గరికి తీసకపోయారు, తగ్గుద్దన్నాడు. నేను ఉతకటంలో ఏం తేడా చేశానో చూసి చెప్తావని తెచ్చా.”

“ఇది నవనీతం. నీకెక్కడిది బూబమ్మా?”

“బజార్లో కొట్టోడు చేతొడుగిచ్చాడు, తొడిగా. వకుళమ్మ చెయ్యి పట్టుకుంది. నొక్కింది కూడానూ. నాకు కళ్ళెంబడి నీళ్ళొచ్చినయ్యంటే నమ్ము.” ఆవిడ జుబ్బాను సవరిస్తూ చెప్పింది. “మా ఇంట్లో పురిటి బిడ్డకి కొత్తగుడ్డ ఎప్పుడన్నా తొడిగామా? మెత్తంగా నలిగిన పాతచీర చింపి చుట్టేవోళ్ళం. నా చేత్తో ఎంతమంది బిడ్డలకి చుట్టానో. ఈసారి మటుకు, వకుళమ్మ చెప్పింది గదా, ఆమె ఉతికి చూడందే చెప్పదు గదా అని కొత్తదే కుట్టేశా.”

మంజీర జుబ్బా తిరగేసి, లేచిన పోగులను వేలితో తడిమింది.

“వకుళమ్మ తప్పు చెప్పదు. సబ్బు ఎక్కువేసుంటా. ముసలిదాన్నయిపోయా, చేతులు సాగటంలా,” అంది బూబమ్మ.

ఆ మాట మంజీరను నిలువునా కోసేసింది. తిట్టినా బాగుండేది. మీ అక్క అబద్ధమాడిందని ఒక్క మాట అన్నా, కాదని పోట్లాడేది. ఆవిడ మాత్రం నెలబిడ్డ ఒళ్ళు కమిలిపోయినా వకుళను అనుమానించలేకపోయింది. తననే అనుమానించుకుంది.

“నీ తప్పేం లేదు బూబమ్మా. నీ సబ్బు తప్పూ కాదు. బట్టే మంచిది కాదు. పాపకి పాతచీరే చుట్టు,” అని ఎలాగో చెప్పి కిందికి పంపింది.

తర్వాత బల్ల సొరుగులోంచి నవనీతం ముక్క ఒకటి తీసింది. కొన్నప్పుడు కత్తిరించి దాచిన నమూనా, నీళ్ళు తగలనిది. చేతొడుగు వేసుకుంది. తాను తడమకుండా, ముద్రనే స్వయంగా చెప్పమంది. ఇంతకుముందు ఎన్నడూ ఆ పని చేయలేదు, చేయాలని అనిపించలేదు కూడా.

వకుళ వేళ్ళు వచ్చాయి. ఎప్పటిలాగే వచ్చాయి. చూపుడువేలి కొసన ఆ గట్టిదనం, గుడ్డను తిరగేసి వెనకవైపు తడిమే ఆ అలవాటు, ఏదీ తేడా లేదు. అంచు దాకా తీసుకెళ్ళి, బొటనవేలి మీద మెత్తగా నొక్కాయి.

ఉతకని బట్టకు నొక్కు.

అక్క అయితే చచ్చినా నొక్కదు. ఒకప్పుడు పెద్ద నేత సంస్థ ఒకటి, ఇల్లు కట్టిస్తాం ఒక్క నొక్కు నొక్కమంటే, ఉతికాక కనబడమని గుమ్మంలోంచే పంపేసిన మనిషి. ఈ చేయి కాదనడం నేర్చుకోలేదు. కాదన్నప్పుడల్లా వకుళ చేతులు కట్టుకుని కూర్చునేది, ఆ కూర్చోవడం ఏ భాండారంలోకీ ఎక్కలేదు. ఎక్కిందంతా ఆవిడ అవునన్న బట్టలే. మంజీర ఇన్నాళ్ళూ పట్టుకుని పడుకున్నది, అక్కలో సగాన్ని. మిగతా సగం నిజంగానే పోయింది. ఉన్న సగం చేత ఈ సాయంత్రం నుంచి ఊరూరా అబద్ధం ఆడిస్తారు.

ఆమె ఉత్తరం రాయడానికి కూర్చుంది. ఎప్పుడూ పేజీలు పేజీలు రాసేది, ఈసారి నాలుగు మాటలే వచ్చాయి. ‘నవనీతం కొనకండి. కొన్నవాళ్ళు పసిబిడ్డలకు తొడగకండి. మొన్న దుకాణాల్లో మీ చేయి పట్టుకున్నది మా అక్క కాదు. ఇకమీదట వకుళనంటూ ఎవరు మీ చేయి పట్టుకున్నా విదిలించుకోండి.’

ఉత్తరం పంపించింది. లేఖ ఇంకా నడుస్తూనే ఉంది కాబట్టి హక్కు ఇంకా తనదే. భాండారం తెరిచి నిమజ్జనం కోరింది. ముద్ర తిరిగి రాదని భాండారం హెచ్చరించింది. నకళ్ళన్నీ కూడా పోతాయంది. చివరిసారి స్పర్శ కావాలా అని అడిగింది.

కావాలంది.

ముందు పెట్టుకోవడానికి మంచి గుడ్డ ఏదీ వెతకలేదు. కట్టుకున్న చీర కుచ్చిళ్ళే పట్టుకుంది. వకుళ వేళ్ళు వచ్చి ఆమె వేళ్ళ మధ్య వేళ్ళు పోనిచ్చాయి. చీర మీద అటూ ఇటూ తిప్పాయి. మోకాలి దగ్గర మంజీర వేసుకున్న రఫ్ఫు మీద ఆగాయి. పోగు కలిసిందా లేదా అని మళ్ళీ మళ్ళీ తడిమాయి. ‘కలిసిందే, చూడు’ అంది మంజీర పైకి. చేయి వినలేదు, చేతులకు చెవులుండవు. నొక్కుతుందేమోనని భయపడి, నొక్కకముందే నిమజ్జనానికి సరేనని భాండారానికి చెప్పేసింది.

చేతొడుగు ఖాళీ అయింది. లోపల తన చేయి ఒక్కటే మిగిలింది.

సాయంత్రం విడుదల వేళకు దుకాణాల్లో గందరగోళం మొదలైంది. ఊరూరా జనం చేతొడుగులు వేసుకుని, వరసల్లో నిలబడి, పట్టుకునే చేయి కోసం ఎదురుచూశారు. గుడ్డ తగిలింది గానీ ఎవరూ ఏమీ చెప్పలేదు. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఈలోగా ఉత్తరం చదివినవాళ్ళు వచ్చారు. కొందరు కొన్న గుడ్డలు వెనక్కి తెచ్చారు. కొందరు అక్కడే బకెట్లు తెప్పించి ఉతికి చూపించమని పట్టుబట్టారు. ఉతకమనే కొనుగోలుదారు దుకూలం లెక్కల్లో ఎక్కడా లేడు. ఆర్డర్లు ఆగినా నూలు ఆగదు. ఆ రాత్రి అమ్మకానికని లెక్కగట్టి పెంచిన నాచు తొట్లలోంచి పొంగి, గచ్చు మీద పొర్లిందట.

గోడమీద తెర వెలిగింది. కౌస్తుభ్. మొట్టమొదటిసారి గొంతు పెంచాడు.

“ఏం చేశారు మేడమ్ మీరు? ఏం చేశారో మీకు అర్థమవుతోందా?”

మంజీర అతనివైపు చూసింది. ఏడవనివాళ్ళ కళ్ళు మండినట్టు ఆమె కళ్ళు పొడిగా మండుతున్నాయి.

“మా అక్క పోయిందండీ,” అంది.

అతను తడబడ్డాడు. “అదేంటి మేడమ్… ఆవిడ పోయి ఏళ్ళయింది కదా.”

“కాదండీ. ఇప్పుడే పోయింది. నేనే పంపేశాను.”

అంతవరకే చెప్పగలిగింది. చేతొడుగు తీయాలన్న ధ్యాస కూడా లేదు. ఆ చేత్తోనే మొహం కప్పుకుని, కింద వాటాలో మిషను ఆగిపోయేంత గట్టిగా, గొల్లుమంది.