ఎజ్రా క్యారేజీ

"నేను గీశాను, నేను మార్చాను... ఏ పేజీ తిప్పినా నేనేనా? ఈ ఇంట్లో మేమెవ్వరం లేమా అమ్మాయ్!"

మిషన్ స్కూల్లో టీచరుగా చేసి రిటైరైన సంపూర్ణమ్మ, కోడలు ఉద్యోగం కోసం పంపిన డిజైన్ల ఫైలు నకలు మంచం మీద పడేసింది. సారిక తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కిందటిసారి హైదరాబాదు కంపెనీకి పంపినప్పుడు ఆ ఫైలు నిండా 'మేము' అనే రాసింది పాపం! మేము గీశాం, మేము పిడి మార్చాం... కోడలు 'నేను' అంటే పొగరనుకునే ఇంట్లో ఆమె నోటికి అలవాటైన మాట అదొక్కటే. రెజ్యూమె అయితే మరీ ఘోరం! పెళ్ళిసంబంధానికి పంపే బయోడేటాలాగా మామగారి పేరు, ఎత్తు, రంగు, 'గౌరవప్రదమైన కుటుంబం' అన్నీ రాసి, తను గీసిన డిజైన్ల సంగతి అడుగున ఒక్క ముక్కలో ముగించింది. వెళ్ళిన ఫైలు వెళ్ళినట్టే తిరిగొచ్చింది.

పాలిటెక్నిక్‌లో తనతో చదివి, ఇప్పుడు హైదరాబాదులో ప్రొడక్ట్ డిజైనరుగా ఉన్న కీర్తిప్రియ ఫోనులో పడీపడీ నవ్వింది. "పెళ్ళిచూపులకొస్తారనుకున్నావేంటే? ఆ ఎత్తూ రంగూ తీసెయ్. ఎవరి ఇబ్బంది చూశావో, ఏం ఆలోచించావో, ఏవి గీసి చెడగొట్టావో, చివరికి ఏది కుదిరిందో వరసగా పెట్టు. బోలెడు బొమ్మలొద్దు, మంచివి మూడు చాలు. ఆ మేము కొట్టేసి నేను అని రాయి. వాళ్ళు ఉద్యోగమిచ్చేది నీకు, మీ ఇంటిల్లిపాదికీ కాదు!"

సారిక అలాగే రాసి మళ్ళీ పంపింది. మొదటి బొమ్మ క్యారేజీది... ఎజ్రా క్యారేజీ! బస్సు కుదుపులకి పులుసు ఒలక్కుండా మూత మీద అడ్డంగా పడే గొళ్ళెం ఆలోచించింది ఆమే. కానీ కోరుకొండ బస్సెక్కే టీచర్లూ, రామచంద్రపురం రైసుమిల్లుల గుమాస్తాలూ దాన్ని ఆమె భర్త ఎజ్రా పేరుతోనే అడిగి కొనేవారు. ప్లాస్టిక్ డబ్బాలొచ్చి, రాజమండ్రిలో వాళ్ళ అల్యూమినియం కార్ఖానా మూతపడింది. అప్పట్నుంచీ ఎజ్రా, ఆదివారం చర్చికి తప్ప గడప దాటడం లేదు. ఇల్లు గడవాలంటే సారికకి ఈ ఉద్యోగం రావాలి. ఆమె ఫైలు పంపిందని అతనికి తెలుసు. అందులో ఏం రాసిందో తెలియదు.

"ఇవాళ కంపెనీవాళ్ళు ఫోన్ చేస్తారట అత్తయ్యగారూ... ఇవన్నీ ఎవరు గీశారో కార్ఖానా యజమానినే అడుగుతారట..."

"వాడినా!" సంపూర్ణమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వాడికి మిగిలింది ఆ పేరొక్కటేనే తల్లీ! చర్చిలో ఇప్పటికీ 'క్యారేజీ ఎజ్రాగారు' అని పక్కన చోటిస్తారు. దాన్ని వాడి నోటితోనే వదులుకోమంటావా?"

సారిక ఆ ఫైలు చేతిలోకి తీసుకుంది. ఆయన నిజం చెబితే ఆయన పరువు పోతుంది. చెప్పకపోతే తను అబద్ధాలకోరవుతుంది, ఉద్యోగమూ పోతుంది... ప్రభువా, ఎటు కదిలినా గోడేనా! "వద్దులెండి అత్తయ్యగారూ... ఈ ఉద్యోగం నాకొద్దని నేనే చెప్పేస్తాను," అంటూ ముందుగదిలోకి పరుగెత్తింది. అప్పటికే ఫోను మోగింది. వాలుకుర్చీలో ఉన్న ఎజ్రా చెయ్యి చాచి అందుకున్నాడు.

"ఆఁ... ఎజ్రానేనండీ... ఏంటండీ? క్యారేజీయాండీ?"

అవతల ఎవరో మళ్ళీ అడుగుతున్నారు. 'నేనే చేశానండీ' అని ఆయన అనేస్తే బాగుండునని ఒక్క క్షణం సారికకే అనిపించింది!

"మా ఆవిడ గీసిందండీ. రేకు కొట్టించడం వరకే నా పని... అవునండీ, అన్నీ ఆవిడవే."

ఫోను పెట్టేసి గోడకేసి చూస్తూ అన్నాడు. "మంగళవారం ఇంటర్వ్యూకి రమ్మన్నారు సారికా."

"ఎందుకండీ అలా చెప్పేశారు? మీ పేరు..." సారిక వెక్కివెక్కి ఏడ్చింది.

"ఆ పేరు పెట్టింది కూడా నువ్వే కదా! కొట్టువాళ్ళు ఏం పేరు రాయమంటారని అడిగితే నా పేరు చెప్పావు. ఇన్నాళ్ళూ దాంతో తలెత్తుకు తిరిగాను... చాల్లే."

వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డ సంపూర్ణమ్మ పమిటచెంగు నోట్లో కుక్కుకుంది. 'మా ఆవిడ గీసింది' అనే ఆ ఒక్క మాట కోసమే పెళ్ళయిన నాటినుంచీ కాచుకుంది సారిక. తీరా విన్నాక, ఆ మనిషి ముఖంలోకి చూసే ధైర్యం చాల్లేదు...