ముప్పై ఏడో నంబరు బూట్లు

ఫరీదాబాద్ చివర, సగం కొట్లకు షట్టర్లు దింపేసిన ఒక మాల్ బేస్‌మెంట్‌లో మా స్నో పార్క్ ఉండేది. పేరుకే పార్కు. ఒక పెద్ద చల్లని హాలు, అందులో మోకాలి లోతు మంచు, ఒక జారుడుబల్ల, ముక్కు విరిగిన ప్లాస్టిక్ పెంగ్విన్. సివిల్స్‌కు ఉన్న అవకాశాలన్నీ అయిపోయాక ఢిల్లీ ముఖర్జీ నగర్‌లో కోచింగ్ కోసం తీసుకున్న గది ఖాళీ చేసి, ఆ చలికాలం మూడు నెలలకూ అక్కడ బూట్ల కౌంటర్‌లో చేరాను. బయట చలికి వణుకుతూనే, టికెట్టు కొని మరీ ఇంకా చలిలోకి దూరేవాళ్ళను చూస్తే మొదట్లో నవ్వొచ్చేది.

వారం తిరిగేసరికి నవ్వు పోయింది. కంపు మిగిలింది.

వచ్చినవాళ్ళు తమ చెప్పులు మాకిచ్చి, మా సాక్సులూ బూట్లూ తొడుక్కుని లోపలికెళ్ళాలి. ఆ సాక్సులు ఉతికే పాపాన ఎవరూ పోలేదు. సాయంత్రం తడి సాక్సులన్నీ బుట్టలో కుక్కి, మంచు హాల్లోనే పెట్టి తాళం వేయడం మా పద్ధతి. "ఠండ్ మే కీటాణు మర్ జాతే హై, ఉమాజీ," అనేవాడు మేనేజర్ దశరథ్. చలికి క్రిములు చచ్చేవో లేదో గానీ, కంపు మాత్రం రాత్రికి నిద్రపోయేది. పొద్దున కౌంటర్ మీద సాక్సులు కరగడం మొదలవగానే వందమంది పాదాల వాసనతో మళ్ళీ లేచేది. సబ్బుతో ఎంత రుద్దినా నా అన్నం ముద్దలో అదే వాసన.

మంచు సంగతి మరీ అసహ్యం. పాతది తీసేది లేదు. పైపైన గీకి కొత్తది చల్లడమే. ఉమ్ములు, చీమిడి, జుట్టు, అన్నీ కిందే గడ్డకట్టుకుని ఉంటాయి. పిల్లలు ఆ మంచునే గుప్పెళ్ళతో తీసి తినేవాళ్ళు. తల్లులు ఫోటోలు తీసేవాళ్ళు.

ఒక్క నియమం మాత్రం గట్టిగా పాటించాలి. మొత్తం అరవై జతల బూట్లు, మడమ మీద పెయింటుతో నంబర్లు. మూసేముందు అరవై జతలూ అరల్లోకి చేరాయో లేదో చూసుకోవాలి. జత తగ్గితే లోపల మనిషి ఉన్నట్టే. వెతికి బయటికి తెచ్చేదాకా తాళం పడకూడదు. ఇది నాకు నేర్పింది కంప్రెసర్లు చూసుకునే బసవపున్నయ్య బాబాయ్. తెనాలి మనిషి, ముప్పై ఏళ్ళు ఢిల్లీ చుట్టుపక్కల ఐసు ఫ్యాక్టరీల్లో పనిచేసి ఇక్కడికొచ్చి పడ్డాడు.

జనవరి రెండో వారం. ఆ రోజు పొగమంచుకు పదకొండు మందే వచ్చారు. ఆరున్నరకల్లా హాలు ఖాళీ. మర్నాడు ఒక స్కూలు నుంచి నూటయాభై మంది పిల్లలు విడతలుగా వస్తారని, మంచు సరిచేసి ఉంచమని చెప్పి దశరథ్ ముందే వెళ్ళిపోయాడు. నేను అరలు చూశాను. అరవై జతలూ ఉన్నాయి. లైటు తీసేద్దామని వెనక్కి తిరిగాను.

కౌంటర్ మీద ఇంకో జత ఉంది.

ముప్పై ఏడు. అరలోకి చూశాను. అక్కడా ముప్పై ఏడు ఉంది.

జత తగ్గితే ఏం చేయాలో నాకు తెలుసు. పెరిగితే...?

చేత్తో తాకాను. పైన ఐసు ముక్కలా ఉంది. లోపల వెచ్చగా ఉంది. అప్పుడే ఎవరో విప్పినట్టు. లోపల సాక్సు ఇరుక్కుందనుకుని పట్టి లాగాను. మెత్తగా, జిగురుగా సాగింది. బూడిద రంగులో, ఐదు వేళ్ళ ఆకారంతో సహా వచ్చింది. బొటనవేలికి గోరుంది. గోరుకు ఎర్రరంగు ఉంది...

సాక్సు కాదు. తోలు.

దాన్ని విసిరికొట్టి చేయి గోడకు తుడిచాను, ప్యాంటుకు తుడిచాను. జిగురు పోలేదు. ఆ చేయి నాది కాకపోతే బాగుండుననిపించింది. అప్పుడు చూశాను నేలను. మంచు హాలు తలుపు నుంచి కౌంటర్ దాకా బూట్ల తడి గుర్తులు. కౌంటర్ నుంచి మెట్ల దాకా వట్టి పాదాలవి.

బాబాయ్‌ని కేకేశాను. వచ్చి బూట్లు చూశాడు. మడమ మీది నంబరును వేలితో తడిమాడు.

"పోయిన చలికాలం... ఒకావిడ వచ్చిందమ్మాయ్. ఒక్కతే. ఆ సాయంత్రం ఈ జత తగ్గింది."

"వెతకలేదా?"

"వెతుకుదామన్నా. ఎవరో తొడుక్కునే పోయుంటారన్నాడు దశరథ్. కొత్త జత మీద అదే నంబరు రాయించి తాళం ఏయించాడు."

"మరి ఆవిడ చెప్పులు?"

అతను తల ఎత్తలేదు. "ఇక్కడే ఉండిపోయినయ్. వారం చూసి చెత్తలో ఏయించాడు."

"చెప్పులు చూసి కూడా తవ్వలేదా బాబాయ్?"

"జారుడుబల్ల ఎనక మూల గుట్టేసిన మంచు కూలి ఉంది. తవ్వితే పార్కు మూసేస్తారన్నాడు. పైన కొత్తది పోశాం..."

చెత్తబుట్ట అందుకునేలోపే వాంతయింది. ఏడాదిగా పిల్లలు తింటున్నది ఆ మంచే. నేనూ ఒకసారి సరదాకి నాలిక మీద వేసుకున్నాను.

"రేపు నూటయాభై మంది వస్తున్నారు. పద, తవ్వుదాం."

"పోలీసులొస్తే నన్నూ లోపలేస్తారమ్మాయ్."

"వెయ్యనీ. పిల్లలకు ఇంకా అదే తినిపిస్తావా?"

బాబాయ్ వెళ్ళి గడ్డపార తెచ్చాడు.

హాల్లో కంప్రెసర్ హోరు తప్ప చప్పుడు లేదు. జారుడుబల్ల వెనక మంచు రాయిలా ఉంది. అతను పొడుస్తుంటే నేను పారతో తోశాను. ఒక పొర జుట్టు. ఒక పొర పసుపు మరకలు. నడుం లోతు దిగాక గడ్డపార ఒక్కసారిగా లోపలికి దిగబడింది. బొక్కలోంచి వెచ్చటి గాలి నా ముఖానికి కొట్టింది. పాచినోటి కంపు. ముక్కు మూసుకుని ఫోన్ లైటు వేశాను.

మనిషి పట్టేంత గుల్ల. ఖాళీ.

లోపలి గోడల నిండా పంటి గాట్లు. పైనుంచి కింది దాకా.

"తిన్నది..." బాబాయ్ గొణిగాడు. "మంచు తింటా బతికింది..."

నేను ఇంకా వంగాను. పైన ఉన్న గాట్లు పెద్దవి. కింద, నా మోకాలి ఎత్తులో ఉన్నవి చిన్నవి. నా చిటికెన వేలు పట్టేంత. పాలపళ్ళవి. అక్కణ్ణుంచి గుల్ల సన్నబడి, పిల్లలు ఆడుకునే వైపు మంచు కిందికి పోయింది.

"ఆవిడ ఒక్కతే వచ్చిందన్నావుగా బాబాయ్?"

"ఒక్కతే... కడుపుతో ఉందమ్మాయ్."

లైటు ఆ సందులోకి తిప్పాను. చివరి చిన్న గాటు అంచు నుంచి చొంగ తీగలా సాగి, ఇంకా కారుతోంది.