తాళమేసిన ఇంట్ల చలి

ఇల్లందు నుంచి అడవి దిక్కు పొయ్యే తొవ్వల, మా తండాకు ఆఖరి ఇల్లు రాంసింగ్‌ది. పోయిన ఎండాకాలం పొద్దుగూకినంక ఆ ఇంటి ముందటి నుంచి ఎవ్వరు నడవకపోయేది. తాళమేసిన ఇంట్ల ఎవరో ఉంటున్నరని పేరు పడ్డది.

రాంసింగ్‌కు ఖమ్మంల బ్యాంకు నౌకరి. వారానికొక్కసారి వస్తడు. ఇంటికి ఏసీ పెట్టిచ్చి, దాన్ని నడిపేతందుకు గోడకు అరచెయ్యంత గుండ్రటి మిషన్ బిగించిండు. ఖమ్మంల కూసోని ఫోన్ మీద వేలు పెడితే ఈడ ఇల్లు చల్లబడుతది! ఎంత విడ్డూరమో నాకు... ఆ ఇల్లు ఊడ్చి తుడిచేది నేనే, తాళంచెవి నా కొంగునే ఉంటది.

ఇగ మా తండా భీమ్లాకు ఏమైందో, ఆయన చెప్పినట్టే రాస్తున్న.

వైశాఖం. రాత్రి ఎనిమిదైంది. ఆకు గూడ కదుల్తలేదు. భీమ్లా బొగ్గుబాయిల డ్యూటీ దిగి బండి మీద వస్తుండు. రాంసింగ్ ఇంటి కాడ గుయ్... మని చప్పుడు.

బండి ఆపిండు.

గేటుకు తాళం. తలుపుకు తాళం. లోపలంత చీకటి — గోడ మీద మాత్రం నీలం వెలుగు. ఆ వెలుగుల అంకె. ఇరవై ఆరు... చూస్తుండంగనే ఇరవై మూడు... పద్దెనిమిది...

ఏసీ అంటే సరే. మరి తిప్పుతున్నదెవరు?

పక్క కిటికీ అద్దం మీద నీళ్లు కారుతున్నయి. ఆ అద్దానికి ఆనుకోని — ఒక మనిషి. తెల్లగుడ్డ. ఉలుకు లేదు, పలుకు లేదు.

"ఎ... ఎవలది?"

ఆ మనిషి మెల్లగ మొకం తిప్పింది.

హేమ్లి!

హేమ్లి ఆ ఇంటి పక్క గుడిసెల ఒక్కతే ఉంటది. మొగడు పోయి పదేండ్లు. ఆ కిటికీ ఆమె వాకిట్లకే ఉంటది.

తెల్లారేసరికి తండా అంత ఒకటే గుసగుస — హేమ్లి మంత్రం పెడుతున్నది, చచ్చినోళ్లను పిలిచి ఆ ఇంట్ల కూసోబెడుతున్నది. "ఒళ్లు మండిపోతుంటే అద్దం చల్లగున్నదని ఆనుకున్న... గంతే!" అని ఆమె మొత్తుకున్నది. ఎవ్వరు ఇన్లే. తెల్లారి రాత్రి, ఆ తెల్లారి రాత్రి గూడ ఆ ఇల్లు అట్లనే చల్లబడ్డది. రాంసింగ్‌కు ఫోన్ చేసి అడిగితే, తను తిప్పలేదన్నడు. బోరింగ్ కాడ ఆమె బిందెను కాలుతోని దొబ్బిండ్రు. ఆదివారం దాటేలోపల తండా ఇడిసి పోవాలన్నరు పెద్దలు.

నేను గూడ... నా బిందె ఆమె బిందెకు తగలకుంట జరుపుకున్న. ఆమె చూసింది. ఏమన్లే.

ఆదివారం పొద్దుగాల రాంసింగ్ వచ్చిండు. ఫోన్‌ల గెలికి గెలికి, "పెద్దమ్మా, నా మిషన్‌ను ఇంకో ఫోన్ తిప్పుతున్నది" అన్నడు. ఆ ఫోన్ పేరు గూడ పడ్డది. వీరబాబు — తండాకు ఇంటర్నెట్ వైర్లు గుంజేటోడు.

పిలిపిచ్చి అడిగితే తల ఒంచుకున్నడు. "దెయ్యాలు లేవు, గియ్యాలు లేవని భీమ్లన్న డంబాలు కొడతడు గదా... ఆయన వచ్చే టైముకు జర ఆట పట్టిద్దామనుకున్న. గింత దూరం పోతదనుకోలే."

"నా పాస్‌వర్డ్ నీకెట్ల తెలిసిందిర? లాలి పెద్దమ్మకు తప్ప ఎవ్వరికి చెప్పలే!"

"గేటు పక్కన, మీటరు డబ్బ కింద రాసే ఉన్నది గదన్నా. పైన నీ నంబరు, కింద పాస్‌వర్డ్. బొగ్గుతోని, గుండ్రంగ, ముద్దుగ..."

నా ఒళ్లంత చల్లబడ్డది.

ఆ రాత నాదే. అరవై రెండేండ్లకు మనవరాలు సంగీత దగ్గర అక్షరాలు నేర్చిన. రాంసింగ్ ఫోన్‌ల అది నడవనప్పుడు, వచ్చేముందు నాకు చెప్తే సంగీత ఫోన్‌ల ఆ నంబరు, పాస్‌వర్డ్ కొట్టిచ్చి ఏసీ పెట్టియ్యాలె గదా, మరిచిపోతనని రాసుకున్న. మా కాలంల కోడిని పొదగేసిన రోజులు గోడ మీద బొగ్గుతోని గీతలు పెట్టుకునేటోళ్లం. ఎవరి గీతలు వాళ్లకే తెలిసేది. అక్షరాలు గూడ గట్లనే అనుకున్న — నేను రాసుకున్నది నాకే అని. ఆ తొవ్వల పోయినప్పుడల్లా నా రాత చూసుకోని మురిసిపోయేదాన్ని గూడ.

హేమ్లి గుడిసెకు పోయిన. మూట కట్టుకోని గడప మీద కూసున్నది.

"హేమ్లీ... తప్పు నాది" అని అంతా చెప్పిన. మొకం ఎత్తలేకపోయిన.

ఆమె మూట ఒళ్లకు గుంజుకున్నది. "నువ్వు రాసింది అందరు చదువుతరా, అక్కా?" అన్నది.

"అవ్."

"అయితే నా సంగతి గూడ ఆడనే రాయి. నోటితోని చెప్తే ఎవ్వరు ఇన్లే."

రాంసింగ్ పాస్‌వర్డ్ మార్చి గోడ తుడిచిండు. ఆ జాగలనే, తండా అంత నిలబడి చూస్తుండంగ రాసిన: "హేమ్లి ఏ మంత్రం చెయ్యలే. తప్పు లాలిది." నా పేరు కాడ బొగ్గు ఇంక గట్టిగ ఒత్తిన.

హేమ్లి మూట ఇప్పింది. పెద్దలు నోరు మూసుకున్నరు.

తెల్లారి బోరింగ్ కాడ నా బిందె తీసుకపోయి ఆమె బిందె పక్కన పెట్టిన.

ఆమె తన బిందెను నా బిందెకు తగలకుంట జర జరుపుకున్నది.

నేను చూసిన. ఏమన్లే.