ఆర్చీకి ఆధార వాసన

2074 నాటికి కుక్కను విమానంలో విదేశానికి పంపడమంటే డబ్బాలో పోసి పంపడమే. మాట మోటుగా ఉందనిపించవచ్చు, జరిగేది మాత్రం అదే. ఆక్లాండ్‌లోని ‘ప్రాణరవాణా’ కేంద్రంలో ఆ ఉదయం బెల్టు మీద పద్దెనిమిది డబ్బాలు వచ్చాయి. ప్రతి డబ్బా మీదా ఒక పేరు, ఒక ఫొటో. ఫొటోలో నాలుక వేలాడేసిన కుక్క, లోపల గట్టిపడ్డ ఉలవచారు లాంటి ముద్ద. మూత తీస్తే ముందు ఉడికిన కార్జం వాసన, దాని వెనకే తడిసిన గోనెసంచి వాసన వస్తాయి. కొత్తగా చేరిన ఉద్యోగులు మొదటి వారం అన్నం తినలేరు.

ఈ పద్ధతి కనిపెట్టినవాడు ఈ కేంద్రాన్ని నడిపే డాక్టర్ రెహాన్, కర్నూలు మనిషి. పూర్వం కుక్కల్ని బోనుల్లో పెట్టి సరుకుల అరలో పడేసేవారు. ఉక్కకు కొన్ని, భయానికి కొన్ని చచ్చేవి. బతికి దిగినవాటిని క్వారంటైన్ పేరుతో వారాల తరబడి బంధించేవారు. గూట్లో గొంగళిపురుగు కరిగిపోయి సీతాకోకచిలుకగా కుదురుకున్నట్టే, కుక్కనూ నొప్పి తెలియకుండా కరిగించి తిరిగి పోతపోయవచ్చని రెహాన్ నిరూపించాడు. దానికి ‘జీవపాకం’ అని పేరు పెట్టాడు. కరిగించే ముందు మెదడు అల్లికను న్యూరల్ స్కాన్ చేసి ఒక స్మృతిఫలకం మీదికి ఎక్కిస్తారు. పాకంలో ఏ క్రిమీ బతకదు కాబట్టి క్వారంటైన్ అక్కర్లేదు.

ఒక్కటే చిక్కు. శరీరం కుదురుకున్నా, మెదడు మేలుకున్నా, కుక్క గుండె దానంతట అది కొట్టుకోదు. అది నమ్మిన మనిషి ఒంటి వాసన ముక్కుకు తగలాలి. దాన్ని ‘ఆధార వాసన’ అంటారు. ఆరు గంటల్లోగా తగలకపోతే శరీరం మళ్ళీ ముద్దయిపోతుంది, ఇక దాన్ని ఎవరూ నిలబెట్టలేరు. అందుకే డబ్బాతోపాటు యజమాని కట్టి విడిచిన, ఉతకని బట్ట ఒకటి పంపాలని నిబంధన.

ఆరో నంబరు డబ్బా ఆర్చీది. విశాఖ నుంచి వచ్చిన తొమ్మిదేళ్ళ లాబ్రడార్. యజమానులు ఆద్విక, ధృవాంశ్ బదిలీ మీద ఆక్లాండ్ వచ్చి నాలుగు రోజులైంది. గాజు తొట్టెలో జిగురు కారుతున్న కుక్కను చూసి ఆద్విక ముక్కు మూసుకుంది.

“ఐదు గంటలు గడిచాయి మేడమ్. గుండె మొదలుకాలేదు,” అన్నాడు రెహాన్. “మీరు పంపిన టవల్లో వాసనే లేదు. డెటాల్ తప్ప.”

“ఉతికించి ఇస్త్రీ చేయించి పంపాను. మాసిన టవల్ బయటివాళ్ళకెలా ఇస్తామండీ? ఏమనుకుంటారు?”

రెహాన్‌కు చిర్రెత్తింది. ఫారంలో ఎర్ర అక్షరాలతో మూడుసార్లు రాయించాడు. అయినా విశాఖ నుంచి, హైదరాబాదు నుంచి వచ్చే బట్టల్లో సగం కుచ్చిళ్ళు చెదరకుండా, కవర్లో పెట్టి వస్తాయి. పరువు కోసం కుక్కను చంపుకొనే జనాన్ని అతను మరెక్కడా చూడలేదు.

“సరే, మీరే దగ్గరికి రండి. చెయ్యి దాని ముక్కు దగ్గర పెట్టండి.”

ఆద్విక గ్లవ్స్ వేసుకోబోయింది. వద్దన్నాడు. ముఖం పక్కకు తిప్పుకొని చెయ్యి చాపింది. తెరమీద గుండె గీత కదలలేదు. ధృవాంశ్ చాపాడు. గీత కదలలేదు.

“ఫలకాన్ని అడుగుదాం,” అని రెహాన్ యంత్రం వైపు తిరిగాడు. “ఆర్చీ ఎవరికోసం చూస్తోంది?”

యంత్రం తడుముకోకుండా చెప్పింది. “గిన్నెలు తోమే సబ్బు. కొబ్బరినూనె. వేయించిన ఎండుచేప. వీటన్నిటికింద ఒక స్త్రీ చెమట. వయసు సుమారు యాభై. రోజూ మధ్యాహ్నం వెనక బాల్కనీలో, ఆమె కొంగు మీద కుక్క పడుకునేది.”

ఆద్విక ముఖం ఎర్రబడింది. “ప్రవల్లిక! మా పనిమనిషి. ఛీ! తనకి ప్లేటూ గ్లాసూ కూడా వేరే పెట్టాను. ఆ చేపల కంపుతో హాల్లోకి రావద్దని ఎన్నిసార్లు చెప్పానో! నా ఆర్చీని దగ్గర పడుకోబెట్టుకునేదా?”

“తిండి ఎవరు పెట్టేవారు?”

“తనే.”

“స్నానం?”

“తనే. మాకు టైమెక్కడిది?”

ఇంకో యాభై నిమిషాలే ఉన్నాయి. విశాఖలో అప్పటికి ఉదయం తొమ్మిదయింది. అక్కడి ప్రాణరవాణా కౌంటర్లో ‘ఘ్రాణిక’ అనే స్మెల్ సెన్సర్ ఉంది. అది ఒంటి వాసనను అంకెలుగా మార్చి పంపితే, ఇక్కడి యంత్రం అవే అణువుల్ని కలిపి వాసనను తిరిగి తయారు చేస్తుంది. రెహాన్ స్వయంగా ప్రవల్లికకు ఫోన్ చేసి అక్కడికి రమ్మన్నాడు.

ఆమె ఏ పని వదిలేసి వచ్చిందో, ఆటో దిగి ఎంత పరిగెత్తిందో గానీ, ముప్పై నిమిషాల్లో తెరమీద కనబడింది. ముఖమంతా చెమట.

“బాబూ, మా బుజ్జిగాడికేటైనాది? సెప్పండి బాబూ!”

“ఏమీ కాదమ్మా. ఆ పరికరాన్ని మెడ దగ్గర పెట్టుకోండి. చంక దగ్గర కూడా.”

“సెమట తుడిసేసుకోమంటారా? కంపు కొడతాది.”

“తుడవకండి!” రెహాన్ అరిచినంత పని చేశాడు.

నాలుగు నిమిషాల తర్వాత ఇక్కడి గొట్టంలోంచి బొట్టు బొట్టుగా నూనెలాంటిది ఒక సీసాలోకి దిగింది. రెహాన్ దాన్ని దూదితో ఆర్చీ ముక్కుకు రాశాడు. గీత ఒక్కసారి ఎగిరింది. మళ్ళీ ఎగిరింది. జిగురులో తోక కదిలి గాజుకు తగిలింది. తెరమీద ప్రవల్లిక నోటికి కొంగు అడ్డం పెట్టుకొని ఏడ్చేసింది. “బుజ్జిగా, నానేరా!” అంది. కుక్క తొట్టెలోంచే గొంతు కోసం చెవులెత్తి వెతికింది.

“ఇప్పుడు మొదటి నెలంతా,” అన్నాడు రెహాన్ దంపతులతో, “ఇంట్లో ఒకరు ఈ వాసన ఒంటికి రాసుకొని రోజూ నాలుగు గంటలు దాని పక్కన ఉండాలి. లేకపోతే గుండె ఆగిపోతుంది. ఆద్విక గారూ, మీరు మొదలుపెట్టండి.”

ఆద్విక ఆ సీసాను రెండు వేళ్ళతో పట్టుకుంది. మెడకు రాసుకుంది. ఆర్చీ తొట్టెలోంచి తడి ఒంటితోనే లేచి, ఆమె భుజాల మీద కాళ్ళు వేసి, కళ్ళు మూసుకొని మెడంతా నాకింది. తొమ్మిదేళ్ళలో అది ఆమెను ఇంత ఆశగా ముట్టుకోవడం ఇదే మొదలు. ఆద్విక దాన్ని తోసేసి, సింక్ దాకా వెళ్ళలేక, గోడవారనే కక్కుకుంది.

“పనిమనిషి చెమట నేను పూసుకోవాలా? నెల రోజులా? నావల్ల కాదు. ఏదైనా వేరే దారి చూడండి.”

ధృవాంశ్ తెర మైకు ఆపి ఆలోచించాడు. ఆఫీసులో చిక్కులు విప్పడంలో దిట్ట అని పేరున్న మనిషి. “డాక్టర్ గారూ, ఆవిడనే ఇక్కడికి తెప్పించుకుంటే? వీసా రావాలంటే రెండేళ్ళు పడుతుంది. పనివాళ్ళకి ఇవ్వరు కూడా. అదే డబ్బాలో అయితే సరుకు కిందే లెక్క కదా. ఇంట్లో పనీ జరిగిపోతుంది.”

అది పిచ్చిమాట అనడానికి రెహాన్ నోరు తెరిచాడు. అనలేకపోయాడు. మనుషుల మీద పరీక్షలకు కంపెనీ పోయిన నెలే అనుమతి తెచ్చుకుంది, కాగితాల మీద తన సంతకమూ ఉంది. గుండెజబ్బులవాళ్ళను ఆస్పత్రులకు చేరవేయడానికని అతనికి చెప్పారు. నమ్మాడు.

“మనిషికీ ఆధార వాసన కావాలి,” అన్నాడు చివరికి. ఈ ఒక్క మాటతో ఇది ఆగిపోతుందని అతని ఆశ. “తను నమ్మినవాళ్ళది. మీ ఇద్దరి వాసనా పనికొస్తుందని నేననుకోను.”

“తననే అడుగుదాం,” అని ధృవాంశ్ మైకు మళ్ళీ వేసి తెర వైపు తిరిగాడు. “ప్రవల్లికా, నీకు ఈ లోకంలో ఎవరి దగ్గర ధైర్యంగా ఉంటుంది? మీ వాళ్ళెవరైనా?”

“మావోళ్ళెవురున్నారు బాబూ! మా ఆయన పోయి పదేళ్ళయిపోనాది. పిల్లల్లేరు.” ఆమె చూపు తొట్టె మీదే ఉంది. “మజ్జానం పూట ఆ బుజ్జిగాడు పక్కన తొంగుంటే నాకు ఏ బయమూ ఉండేది కాదు. ఆడొక్కడే.”

పన్నెండేళ్ళుగా రెహాన్ ఆ గోధుమరంగు ముద్దలో మోచేతుల దాకా చేతులు పెట్టి కలిపాడు, ఏనాడూ రోత పుట్టలేదు. ఇప్పుడు ఈ మనుషుల పక్కన నిలబడితే పుట్టింది. ఈ యంత్రాన్ని వాళ్ళ చేతికిచ్చింది తనేనన్న సంగతి ఇంకా రోతగా ఉంది.

“ఇంకేం, కుక్క ఇక్కడే ఉందిగా!” అని ధృవాంశ్ ఉత్సాహంగా బల్ల మీది ఫారం అందుకున్నాడు. జాతి అనే చోట కొట్టేసి పేరు రాశాడు. తర్వాతి గడి దగ్గర ఆగి తలెత్తాడు.

“నీ బరువెంత ప్రవల్లికా?”

“యాభై కేజీలుంటానేటో బాబూ,” అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ. “ఎందుకు?”