ఏడోరోజు తెరిచి ఉంచిన పేరు

తుఫాను సెలవని కావ్‌షుంగ్ ఊరంతా తలుపులేసుకుంది. చేపల కంపెనీ ఆఫీసులో మాత్రం జూయిన్ ఒక్కతే మిగిలింది. కంపెనీ కంప్యూటర్లలోకి దొంగలు దూరకుండా కాపలా కాయడం ఆమె పని. మధ్యాహ్నమే చీకటి కమ్మింది. గిన్నెలో నూడుల్స్ చల్లారిపోతున్నాయి. కింద చలిగదిలో తమ్ముడు యువాన్ చేపల పెట్టెలు సర్దుతున్నాడు. అమ్మా నాన్నా పోయాక ఆమెకంటూ ఉన్నది వాడొక్కడే.

పక్క కుర్చీ ఆమెతో పాటే కాపలా కాసిన కైవెన్‌ది. స్కూటర్ ప్రమాదంలో పోయాడు, ఇవాళ ఏడోరోజు. పోయినవాళ్ళు ఏడోరోజున ఇల్లు చూసుకోడానికి వస్తారంటారు, తలుపు తీసే ఉంచాలి. మనిషి పోయిన రోజే అతని లాగిన్ మూసెయ్యాలని కంపెనీ నియమం. జూయిన్‌కి చేతులు రాలేదు. సగం బతుకు ఈ కుర్చీలోనే గడిపాడు పాపం, ఏడోరోజు దాటనిద్దాం అనుకుంది.

హెచ్చరిక మోగింది. కైవెన్ పేరుతో ఎవరో లోపలికొచ్చారు.

ఖాళీ కుర్చీ వైపు చూసింది. ఎక్కణ్ణుంచో కాలిన బట్టల వాసన... మరుక్షణం తనని తనే తిట్టుకుంది. దొంగలకి చచ్చినవాళ్ళ పేర్లంటేనే మోజు, అడిగే నాథుడుండడు. ఆ మాట నేర్పింది కైవెనే.

ఫోన్ మోగింది. యువాన్.

“అక్కా, ఈ తలుపుకేదో పట్టింది. దానంతటదే మూసుకుంటోంది, తెరుచుకుంటోంది. పైనుంచి ఆడిస్తున్నది నువ్వేనా?”

“నేను కాదు. ముందు బయటికి రా.”

“పెట్టెలు కూలి దారికడ్డం పడ్డాయి. పక్కకి జరిపి వస్తున్నా. లోపల్నుంచి తలుపు తీసే మీట కూడా మంచుకి బిగుసుకుపోయింది.”

హెచ్చరికల తెర మీద ఒకటే పేరు. చలిగది తలుపు... కైవెన్. మళ్ళీ కైవెన్. మళ్ళీ... దొంగవెధవ తమ్ముడి ప్రాణంతో ఆడుకుంటున్నాడు. ఆమెకు ఇంకేమీ తోచలేదు.

“ఏమీ అనుకోకు, కైవెనన్నా,” అని గొణిగి, ఆ పేరు మీది లాగిన్ తెంచేసింది.

కింద తలుపు దభీమని పడిన చప్పుడు. తర్వాత... ఏమీ లేదు.

“అక్కా,” ఫోన్లో యువాన్ అడిగాడు. “ఇందాకట్నుంచి తలుపు పట్టుకుని నిలబడ్డాయన ఏడి?”

ఫోన్ తెగిపోయింది.

తలుపు పూర్తి చిట్టా తెరిచింది. తెరిచిన ప్రతిసారీ కైవెన్. మూసిన ప్రతిసారీ... జూయిన్.

తన పేరే. కాపలావాళ్ళ పేర్లకి హెచ్చరిక మోగదు. ఊరికే మోగి విసిగిస్తోందని వాళ్ళే తీయించేశారు. వద్దని మొత్తుకుని తన పేరుకి ఉంచుకున్నది కైవెన్ ఒక్కడే. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ ఆ దొంగ తొడుక్కుని వచ్చింది ఆమె పేరే.

తలుపు తీయబోయింది. ఆమె పాస్‌వర్డ్ చెల్లలేదు, దొంగ ఈలోగా మార్చేశాడు. మెట్లు దిగి పరిగెత్తి, చేతులు చిట్లేలా తలుపు బాదింది. తుఫానులో పడి మనుషులొచ్చి ఇనుము కోసేసరికి సాయంత్రమైంది.

యువాన్ గడప దగ్గర ముడుచుకుని పడున్నాడు. ఊపిరి లేదు. ఒంటి మీద మెడదాకా జిప్పు పెట్టిన ఆకుపచ్చ జాకెట్. కైవెన్‌ది. మోచేతి దగ్గర జూయిన్ వేసిన మాసిక. మొన్న అతని బట్టలతో పాటు తన చేత్తోనే దాన్ని మంటలో వేసింది.

ముట్టుకుంది. ఇంకా వెచ్చగానే ఉంది.